పాటిమెరక పెంకులు: ఒక ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 7

వైనతేయ గట్టుకు ఇవతల, మా బడికి కిలోమీటరున్నర దూరంలో ఒక కొబ్బరి తోట ఉంది. చుట్టూ ఉన్న చేలకంటే మనిషెత్తు పైనే ఉంటుంది. వరద వచ్చి ఊరి వీధుల్లో నీళ్లు నిలిచినా అక్కడికి ఎక్కవు. గేదెల్ని తోలుకెళ్లి అక్కడే కట్టేస్తారు. ఊళ్లో దాన్ని పాటిమెరక అంటారు. ఒకప్పుడు ఊరు ఉండి పాడుపడ్డ చోటు పాటి. ఆ మాట అందరి నోటా ఉంది గాని, ఏ ఊరు, ఎప్పటిది అని అడిగితే చెప్పేవాళ్లు లేరు.

కార్తికం వెళ్లాక తోట యజమాని ముసలి చెట్లు తీయించి, కొత్త మొక్కలకు గోతులు తవ్వించాడు. గోతి పక్కన పోసిన కుప్పల్లో మట్టికంటే పెంకులే ఎక్కువ. సైకిల్ మీద వెళ్తూ అవి చూసి దిగిపోయాను. అక్కడి నుంచే ఈ డైరీ మొదలు.

నేను సాంఘికశాస్త్రం చెబుతాను. శాతవాహనుల కాలంలో విదేశీ వాణిజ్యం వర్ధిల్లిందని ఏటా పాఠం చెబుతూ వచ్చాను. ఆ వాక్యం మా ఊరి మట్టిలో ఎలా ఉంటుందో పిల్లల చేతికి అందించాలని ఎన్నాళ్లుగానో నా మనసులో ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మంది వస్తామన్నారు. సెలవురోజుల్లోనే పని.

మొదటే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. మేము గునపం పట్టం. తవ్వకానికి భారత పురావస్తు సర్వేక్షణ శాఖ లైసెన్సు ఉండాలి, అది మా పని కాదు. రైతు తవ్వించిన గోతుల మట్టిలో పైకి తేలినవే చూస్తాం. కొలిచి, గీసి, ఫోటో తీసి, మొక్కలు నాటేలోగా ఏ గడివి ఆ గడిలోనే తిరిగి పెట్టేస్తాం. ఒక్క పెంకు కూడా ఎవరి ఇంటి అలమరలోకీ వెళ్లకూడదు.

డిసెంబరు 14

కొబ్బరి పీచు తాడుతో పది మీటర్లకు ఒక గడి చొప్పున నాలుగు గళ్లు కట్టాం. ప్రతి గడిలో దొరికిన పెంకులను గోనెపట్టా మీద పరచి లెక్కపెట్టాం, తూచాం.

అందమైనవే ఏరడానికి చేతులు ఉబలాటపడతాయి. నగిషీ ఉన్న పెంకు, నున్నటి పెంకు కంటికి ముందు ఆనుతుంది. అలా ఏరుకుంటూ పోతే రోజూ అన్నం వండిన కుండలు మట్టిలోనే మిగిలి, పండగనాడు బయటికి తీసిన పళ్లేలు మాత్రం మన పుస్తకంలోకి ఎక్కుతాయి. ఆ పుస్తకం చదివినవాళ్లకు ఆ ఊళ్లో అందరూ ధనవంతులే అనిపిస్తుంది. అందుకే బొటనవేలి గోరుకంటే పెద్దదైన ప్రతి పెంకూ లెక్కలోకి రావాలన్నాను. 640 తేలాయి. వాటిలో మూతి అంచులు 71.

మూతి అంచులను వేరుగా లెక్కపెట్టడానికి కారణం ఉంది. పెద్ద బాన ఒక్కటి పగిలితే వంద పెంకులవుతుంది, చిన్న ముంత పగిలితే పది. పెంకులను బట్టి కుండలు లెక్కిస్తే బానదే రాజ్యం. ఒకదానిలో ఒకటిగా వలయాలు గీసిన కాగితం మీద అంచును ఆనించి చూస్తే ఆ మూతి వ్యాసమెంతో, మన చేతిలో ఉన్నది అందులో ఎన్నో వంతో తెలుస్తుంది. ఒకే రకం అంచులో ఎనిమిదో వంతులు ఎనిమిది ఉంటే ఒక కుండ కింద లెక్క. పిల్లలు ఈ పద్ధతిని నాకంటే త్వరగా పట్టుకున్నారు.

డిసెంబరు 21

ఈ రోజు మ్యాపులో రెండు ఎర్ర చుక్కలు చెరిపేశాం. ఆ సంగతి వివరంగా రాయాలి.

పోయిన వారం దమ్ములకు ముందు ఖాళీగా ఉన్న పల్లపు చేలల్లో కూడా రెండు చోట్ల అవే రకం పెంకులు కనిపించాయి. పాత ఊరు అంతదాకా వ్యాపించి ఉండేదని పిల్లలు సంబరపడ్డారు. నాకూ అలాగే తోచింది. ఈ రోజు తోట యజమాని తండ్రి చేతికర్ర పట్టుకుని వచ్చి, మా మ్యాపు చూపించమన్నారు. ఎనభై దాటిన మనిషి. చుక్కల మీద వేలు పెట్టి అడ్డంగా తల ఊపారు.

“ఆ చేలల్లో ఊరెప్పుడూ లేదమ్మా. మా నాన్నగారు వేసంగిలో బళ్లు కట్టించి, ఈ మెరక మీది పాటిమన్ను ఆ చేలకు తోలించారు. మన్నుతోపాటే పెంకులూ వెళ్లాయి. చిన్నప్పుడు కాళ్లకు గుచ్చుకుంటున్నాయని ఏరి గట్టున పోసేవాళ్లం.”

“అయితే ఈ మెరక అప్పట్లో ఇంకా ఎత్తుగా ఉండేదా తాతయ్యగారూ?”

“ఇప్పటికి రెండింతలు ఉండేదని మా నాన్నగారు చెప్పేవారు.”

పాటిమన్ను చేలకు ఎరువు. తరాల తరబడి జనం కాపురమున్న చోట పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, కుళ్లిన చెత్త మట్టిలో కలిసిపోతాయి. భాస్వరం పుష్కలంగా ఉంటుంది. రసాయన ఎరువులు రాకముందు రైతులు దాన్ని బంగారంలా చూసుకున్నారు. అంటే మా చేలల్లో పండిన అన్నంలో ఆ పాత ఊరి పొయ్యి బూడిద కూడా ఉందన్నమాట.

పెంకు దొరికినంత మాత్రాన అక్కడ ఊరున్నట్టు కాదని ఏ పుస్తకం చెప్పినా పిల్లలకు ఇంత బాగా అర్థమయ్యేది కాదు.

జనవరి 4

కడగడం. మెత్తటి కుంచె, తొట్టెలో మంచినీళ్లు, నీడలో ఆరబెట్టడం. మసి ఉన్న పెంకులను మాత్రం కడగలేదు. ఆ మసి పొయ్యి మీద పెట్టిన కుండకు సాక్ష్యం, దాన్ని రుద్దేయకూడదు.

ఒక పెంకు గురించి రాస్తాను. సగం అరచేయంత ఉంటుంది, ఎర్రది, మోటుది. లోపలివైపు ఒక సన్నని గుంట, గింజ ఆకారంలో. భూతద్దం పెట్టి పక్క నుంచి టార్చి వేస్తే గుంట అడుగున చిన్న చిన్న గళ్లు వరసగా కనిపించాయి, నేసిన గుడ్డలాగా. వడ్లపొట్టు మీద ఉండే గళ్లే అవి. పక్కింటి గాదె నుంచి ఒక వడ్లగింజ తెచ్చి అదే భూతద్దం కింద పెట్టాం. అవే గళ్లు. కుమ్మరి మట్టిలో ఊక కలిపాడు. కాల్చినప్పుడు ఊక కాలిపోయింది, దాని అచ్చు మిగిలింది. ఆ గళ్లు మొదట చూసిన అమ్మాయి భూతద్దం చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాత పటకారుతో కొన్ని పెంకుల మూలలు కొద్దిగా విరిచి లోపలి మట్టి చూశాం. పైపూత, మురికి లేని కొత్త విరుపులోనే అసలు మట్టి కనిపిస్తుంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే చాలు గాని, పెంకులకు ఒక్క విరుపు చాలదు. ముప్పై నలభై చూశాక కళ్లు కుదురుకున్నాయి. మట్టిని బట్టి నాలుగు కుప్పలు చేశాం. ఎర్రటి మోటు కుండలు అన్నిటికంటే ఎక్కువ, వీటిలో ఊక, తళుకుమనే అభ్రకం. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న నున్నటి గిన్నెలు రెండో కుప్ప. పలుచటి బూడిదరంగు పళ్లేల ముక్కలు ఏడంటే ఏడు. కోసుగా ఉన్న తెల్ల రాతిముక్కలు కలిసిన మందపాటి బానల పెంకులు తొమ్మిది.

నా మనసు ఆ తొమ్మిది మీదే ఉంది. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి, దక్కను నల్లరాతి నేలల మట్టినీ, తూర్పు కనుమల్లోని ఖోండలైటు రాళ్ల నుంచి రాలిన గోమేదికం రేణువులనూ మోసుకుంటూ ఇక్కడికి వస్తుంది. అంత దూరం దొర్లిన ఇసుక రేణువు గుండ్రంగా అరిగిపోతుంది. మా కోనసీమలో రాయి పుట్టదు. ఇంటి పునాదికి వేసే రాయి కూడా పైనుంచి రావలసిందే. కోసు అరగని రాతిముక్కలు మట్టిలో ఉన్నాయంటే, ఆ మట్టి కొండకు దగ్గరగా తీసినదై ఉండాలి, లేదా రాయి కొట్టి పొడి చేసి కలిపినదై ఉండాలి. ఎలా చూసినా ఆ బానలు డెల్టావి కావు.

జనవరి 17

కనుమ మర్నాడు. నిన్న పిల్లలందరూ జగ్గన్నతోట తీర్థానికి వెళ్లారు. పదకొండు ఊళ్ల ఏకాదశ రుద్రులు ప్రభల మీద వచ్చి కలిసే చోటు. దూరం నుంచే ఏ ప్రభ ఏ ఊరిదో చెప్పేస్తారు మా పిల్లలు. “ఎలా గుర్తుపడతారు?” అని అడిగితే “చూస్తే తెలుస్తుంది టీచర్” అన్నారు. ఆ జవాబు రాసుకున్నాను.

ఈ రోజు నాలుగూళ్ల అవతలి కుమ్మరి వీధికి వెళ్లాం. అక్కడ కుండలు కాల్చే ఆవం వేసే ఇల్లు ఇప్పుడు ఒక్కటే. పెద్దాయన సారె మీద కుండను ఎత్తుతారు. సారెకు ఇప్పుడు మోటారు ఉంది. అప్పుడే ఎత్తిన కుండకు అడుగు గుండ్రంగా ఉండదు, గోడ మందంగా ఉంటుంది. సగం ఆరాక ఆయన భార్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, లోపల ఎడమచేత్తో గుండ్రాయి ఆనించి, బయట కుడిచేత్తో చెక్కతో కొడుతుంది. కొట్టేకొద్దీ గోడ పలచబడి అడుగు గుండ్రమవుతుంది. లోపల రాయి ఆనిన చోటల్లా చిన్న గుంట పడుతుంది.

సంచిలోంచి మా ఎర్ర పెంకు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె బొమ్మవైపు చూడలేదు, రంగూ చూడలేదు. తిరగేసి, కళ్లు పక్కకు తిప్పుకుని, లోపలివైపు బొటనవేలితో తడిమింది.

“పంతులమ్మగారూ, ఇది కొట్టిన కుండండి. ఇదిగో గుండు ఆనిన గుంట. గుండు మాదానికంటే చిన్నది.”

“మూతి మీ కుండల మూతిలాగే ఉందా అమ్మా?”

“లేదండి. మేం బయటికి వంచి వదిలేస్తాం. వీళ్లు వంచి, కొసను మళ్లీ కిందికి దిగలాగారు. తీర్థంలో నాలుగూళ్ల కుండలు కలిసిపోయినా మా మామగారు మూతి చూసి ఎవరివి వాళ్లకు ఏరి ఇచ్చేసేవారు.”

పెద్దాయన అందుకున్నారు. “మూతి అందరూ చూసేదండి. అమ్ముడుపోతుందంటే ఎవరి మూతినైనా చూసి చేస్తాం. అడుగు కొట్టడం మాత్రం ఇంట్లో నేర్చుకున్నదే వస్తుంది. అది చేతికి పట్టేస్తుంది, మారదు.”

ఈ మాట విన్నాక మా పట్టిక మార్చాను. ఇంతవరకు కుండ రంగు, పూత, నగిషీ అన్న వరసలు ముందు, తయారీ గుర్తులు చివర ఉండేవి. కొనేవాళ్ల ఇష్టాన్ని బట్టి మారేవి ముందు పెట్టి, చేసినవాళ్ల చేతిలో ఉండిపోయేవి వెనక పెట్టానన్నమాట. ఈ రాత్రి కూర్చుని వరసలు తిరగరాశాను. ఇప్పుడు మొదటి వరస లోపలి గుంటలు, వాటి లోతు, వాటి మధ్య దూరం.

ఇంకొకటి. ఆమె గుండ్రాయి నల్లరాయి. అత్తగారు ఇచ్చినది, ధవళేశ్వరం వైపు నుంచి తెచ్చుకున్నదట. ఒండ్రు మట్టి మా ఊరిదే, నీళ్లు మా ఊరివే, కాల్చే కొబ్బరి డొక్కలూ మా ఊరివే. ఆ మట్టికి రూపం ఇచ్చే రాయి మాత్రం పొరుగు నేలది. పిల్లలు దాన్ని ఒకరి తర్వాత ఒకరు చేతిలో పట్టుకుని చూశారు. ఒకవైపు అద్దంలా అరిగిపోయి ఉంది.

ఫిబ్రవరి 1

లోపల నలుపు, బయట ఎరుపు గిన్నెలు కాల్చే ప్రయత్నం. ఆరు గిన్నెల్లో నాలుగు పగిలాయి. మాఘం మంచుకు మట్టి లోపల తడి ఆరలేదు. మంట తగలగానే ఆవిరై గోడలు చీల్చింది.

ఫిబ్రవరి 15

ఈసారి గిన్నెలను పది రోజులు పొయ్యి గట్టున ఉంచి ఆరబెట్టాం. ఆవంలో గిన్నెలను బోర్లించి, లోపల ఊక కూరి, మూతి దాకా బూడిదలో పాతాం. బయటి గోడకు గాలి తగులుతుంది, మట్టిలోని ఇనుము గాలితో కలిసి ఎర్రబడుతుంది. లోపలి ఊక గాలి అందక పొగలు కక్కుతుంది, ఆ మసి మట్టిలోకి ఇంకి నల్లబడుతుంది. ఒకే గిన్నె, ఒకే మంట, రెండు రంగులు. ఎక్కించిన ఎనిమిదిలో ఐదు మేం అనుకున్నట్టే వచ్చాయి. మూతి దగ్గర బయటివైపు కూడా నల్లటి పట్టీ పడింది, పాత పెంకుల మీద ఉన్నట్టే. అది ప్రత్యేకమైన నగిషీ అని పిల్లలు మొదట అనుకున్నారు. బూడిదలో మునిగినంత మేర అన్నమాట.

ఇనుము వాడకం మొదలైన రోజుల నాటి పెద్దరాతి సమాధుల్లోనూ, ఆ తర్వాతి ఊళ్లలోనూ దక్షిణాదిన అంతటా ఈ రకం గిన్నెలు దొరుకుతాయి. ఇంత విశాలంగా ఉన్నదాన్ని పట్టుకుని ఇది ఫలానా జనం కుండ అని అనలేం. కాల్చే పద్ధతి ఒకరిని చూసి ఒకరు నేర్చుకోగలిగినది. పెద్దాయన రెండో ప్రయత్నానికే పట్టేశారు కదా.

ఫిబ్రవరి 22

బూడిదరంగు పెంకులు ఏడు. ఇన్నాళ్లూ వీటిని కావాలనే పక్కన పెట్టాను. ముందే చూపిస్తే పిల్లలు మిగతావాటిని పట్టించుకోరని భయం.

గోరుతో మీటితే కంచులా మోగాయి. గోడ నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. మట్టిలో కంటికి ఆనే రేణువు లేదు. అభ్రకం తళుకు లేదు. ఒకదాని మీద, పళ్లెం అడుగు లోపలివైపు, రెండు వలయాలుగా సన్నటి గాట్లు వరసలు కట్టి ఉన్నాయి. ఒక్కో గాటు ఆవగింజలో సగం ఉంటుంది.

ఈ రకం పళ్లేలకు పెద్ద కథే ఉంది. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వకాలు జరిపినప్పుడు ఇవి రోమన్ మద్యపు జాడీలతోపాటు దొరికాయి. గాట్ల వలయాల నగిషీ మధ్యధరా పనితనంలా కనిపించి, ఈ పళ్లేలకు మూలం అక్కడేనని ఆయన అనుకున్నాడు. తర్వాత పురావస్తు పరిశోధకురాలు విమలా బెగ్లీ ఆ పళ్లేల ఆకారం, తయారీ పరిశీలించి, ఇవి భారతదేశంలో పుట్టినవేనని వాదించారు. 1997లో గోగ్టే అనే పరిశోధకుడు మట్టిలోని ఖనిజాలను ఎక్స్‌రేలతో పరీక్షించి, మూలం బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్, తామ్లుక్ ప్రాంతపు మట్టి అన్నారు. ఎన్నో చోట్ల దొరికిన ఈ పెంకుల రసాయన కూర్పు దాదాపు ఒకేలా ఉందని 2005లో మరో పరిశోధన చూపింది. శ్రీలంకలోని అనురాధపురంలో ఉన్నాయి, మన అమరావతిలో, శాలిహుండంలో ఉన్నాయి, బాలి ద్వీపంలోని సెంబిరాన్‌లో కూడా ఉన్నాయి.

తెలిసినవాళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: రోమన్ పెంకు దొరికిందా? దొరకలేదు. అందుకు నాకు బాధ లేదు. రోము పేరు వినగానే కళ్లు మెరుస్తాయి గాని, బెంగాల్ నుంచి బాలి దాకా ఒకే రకం పళ్లెంలో భోజనం పెట్టిన సముద్రం మన గుమ్మం ముందు ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్ మన తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నబట్టలు విస్తారంగా తయారవుతాయని రాసింది. 2వ శతాబ్దంలో భూగోళ శాస్త్రవేత్త టాలెమీ ఇదే తీరంలో, సముద్రానికి తూర్పున ఉన్న సువర్ణభూమికి వెళ్లే ఓడలు ఒడ్డు విడిచే చోటును గుర్తించాడు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది. ఇవన్నీ పిల్లలకు చెప్పింది ఆ ఏడు పెంకులూ వాళ్ల చేతుల్లో ఉన్నప్పుడే. పాఠం వింటున్నట్టు ఎవరూ కూర్చోలేదు.

మార్చి 1

ఆ గాట్లు ఎలా పడతాయి? పళ్ల చక్రం దొర్లించి వేస్తారని ఒక అభిప్రాయం. తిరుగుతున్న పళ్లెం మీద సన్నని లోహపు రేకు ఆనిస్తే అది వణికి తనంతట తానే గాట్లు వేస్తుందని మరొకటి. రెండోది చేసి చూశాం.

మా మట్టిని నీళ్లలో కలిపి, అడుగుకు దిగిన మోటు వదిలి, పైతేటను వంచి, మళ్లీ తేర్చి, మూడుసార్లు అలా చేశాం. ఆ మట్టితో పెద్దాయన పళ్లెం చేశారు. తోలులా గట్టిపడ్డాక సారె మీద పెట్టి, తిరుగుతుండగా రంపపు బ్లేడు ముక్కను వేళ్ల కొసల్లో వదులుగా పట్టుకుని తాకించారు. మొదట గీత పడింది. బ్లేడు బిగించి పట్టుకుంటే గీత, మరీ వదిలేస్తే ఎగిరి పడడం. పదకొండో పళ్లెం మీద టకటకమని సన్నటి చప్పుడు వచ్చింది. వలయం వలయమంతా గాట్లు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పెద్దాయన సారె ఆపి, వలయం మీద వేలు తిప్పి, “చెయ్యి వణకకూడదు, రేకే వణకాలి” అన్నారు.

కాల్చాక చూస్తే మా పళ్లెంలో అభ్రకం తళుకు పోలేదు. ఎంత తేర్చినా మా మట్టి తన గుర్తు వదల్లేదు.

మార్చి 15

ఏరు దాటి, అవతలి ఒడ్డున ఉన్న మరో మెరకకు వెళ్లాం. అక్కడా కొబ్బరి తోటే, అక్కడా పైపైన పెంకులు. ఏమీ ఏరకుండా, కింద ఉన్నవి ఉన్నట్టుగానే కొలిచి గీసుకున్నాం. కొస కిందికి దిగలాగిన మూతి అక్కడా ఉంది. మూతుల కొలతలు కూడా దగ్గర దగ్గరే. లోపలి గుంటలు మాత్రం మావాటికంటే పెద్దవి, దూరదూరంగా ఉన్నాయి.

అంటే మూతి ఒకటే, అడుగు వేరు. నాకు దీనిలో కనిపిస్తున్నది ఇది: రెండు ఒడ్డుల్లోనూ వేర్వేరు కుమ్మరి ఇళ్లు పనిచేశాయి, కాని ఇద్దరి కుండలూ ఒకే సంతకు చేరాయి. ఆ సంతకు వచ్చే ఆడవాళ్లకు ఆ మూతి అలవాటు. మూత జారకుండా కూర్చునే కుండ కావాలని అడిగి ఉంటారు. ఏరు రెండు ఊళ్లను విడదీసిందని మనం ఇప్పుడు వంతెన ఉందా లేదా అన్న లెక్కన అనుకుంటాం. పడవల రోజుల్లో ఏటికి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఇరుగుపొరుగులు. మా జిల్లాలో పాయ ఒడ్డునే ఆదుర్రు స్తూపం ఉంది. భిక్షువులు కూడా జనం పడవ దిగే చోటు చూసుకునే విహారం కట్టుకున్నారు.

రాతిముక్కల బానలు అవతలి ఒడ్డున కూడా కనిపించాయి, ఏటికి దగ్గరగా ఉన్న వైపే ఎక్కువగా. ఒక్క పెంకుకీ మసి లేదు. వంటకు వాడనివి. పై గోదావరి నుంచి సరుకు నింపుకుని పడవల్లో దిగి, ఇక్కడే ఉండిపోయి నీళ్లకో ధాన్యానికో పనికొచ్చి ఉంటాయని నా ఊహ. మా ఇంట్లో నూనె డబ్బాలు ఖాళీ అయ్యాక పప్పులు పోసుకోవడం లేదూ?

ఏప్రిల్ 5

మూడో గడి, పెంకు నంబరు 412. ఇన్నాళ్లూ ఎర్ర కుండల కుప్పలో ఉండిపోయింది. మూతి అంచులను మరోసారి సరిచూస్తున్నప్పుడు ఆ అమ్మాయే, ఊక గళ్లు చూసినామె, పట్టుకుంది.

పళ్లెం ముక్క. బూడిదరంగు కాదు, గోధుమ నలుపు. గోడ ఎనిమిది మిల్లీమీటర్లు. విరుపులో అభ్రకం తళుకుమంటోంది. అంచు మాత్రం ఆ పరదేశపు పళ్లెం అంచులాగే లోపలికి తిరిగి, మొన తేలి ఉంది. అడుగున లోపలివైపు ఒక వలయం, దాని నిండా గాట్లు. ఆ గాట్లు రేకు వణికి వేసినవి కావు. ఒక్కొక్కటీ చేత్తో పొడిచినవి. ఒకచోట రెండు గాట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, ఇంకోచోట వలయం కలిసేచోట చోటు చాలక మూడింటిని ఇరికించాడు. తిరగేస్తే, వెనకవైపు, చెక్కతో కొట్టిన చదును మచ్చలు. అసలు పళ్లేలు ఎవరూ కొట్టి చేయరు.

ఓడ మీద వచ్చిన పళ్లేన్ని మా ఊరి కుమ్మరి ఒకడు చూశాడు. తనకు తెలిసిన మట్టితో, తనకు తెలిసిన చెక్కతో, దాన్ని చేశాడు. అంచును చూసి నేర్చుకున్నాడు. గాట్లను చూశాడు గాని, రేకు కిటుకు అతనికి ఎవరూ చూపలేదు. అడుగు కొట్టడం మాత్రం ఇంట్లో నేర్చుకున్నదే వచ్చింది. జనవరిలో పెద్దాయన చెప్పిన మాటే, రెండు వేల ఏళ్ల కిందటి మట్టిలో.

ఈ నాలుగు నెలల పనిలో నేను వెతుకుతున్నది ఇదేనని ఆ పెంకు చేతిలోకి వచ్చాకే తెలిసింది. వచ్చిన సరుకు ఎక్కడిదో ఆ ఏడు పెంకులు చెబుతాయి. ఆ సరుకును చూసి ఇక్కడివాళ్లు ఏమనుకున్నారో, ఏం కావాలనుకున్నారో ఈ మోటు పెంకు చెబుతుంది.

ఏప్రిల్ 12

412ను కుమ్మరి వీధికి తీసుకెళ్లాం. ఆమె ముందు వెనకవైపు తడిమి, “గుండు చిన్నది. అదే ఇల్లు” అంది. అంతకుముందు నేను గుంటల దూరం స్కేలుతో కొలిచి ఎర్ర కుండలతో సరిపోల్చి ఉన్నాను. సరిపోయింది. ఆమెకు స్కేలు అక్కరలేకపోయింది.

తర్వాత గాట్లు చూసింది. ఒక పుల్ల తెమ్మంది. పచ్చి పళ్లెం మీద కుడిచేత్తో వలయం పొడిచింది. గాట్లు ఒకవైపు వాలాయి. పెంకు పక్కన పెట్టి చూస్తే దానివి రెండోవైపు వాలి ఉన్నాయి. పుల్ల ఎడమచేతికి మార్చుకుని మళ్లీ పొడిచింది. వాలు కలిసింది.

“ఎడమచేతి వాటమండి,” అంది.

ఏప్రిల్ 19

మొక్కలు వచ్చాయి. 640 పెంకులూ గడి నంబరు రాసిన గుడ్డసంచుల్లో తోటకు తెచ్చాం. బొమ్మలు, ఫోటోలు, కొలతల పట్టికలు మూడు ప్రతులు తీశాం. ఒకటి బడిలో, ఒకటి కుమ్మరి వీధిలో ఆ ఇంట్లో, ఒకటి రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికి. విరిచిన మూలల చిన్న ముక్కలు మాత్రం విడిగా పొట్లం కట్టాను. రాయిని పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసే ప్రయోగశాలకు అవి వెళ్తాయి. బానల్లోని రాయి ఏ కొండదో చూడాలి.

ఒక్కో గోతి అడుగున సంచి విప్పి పెంకులు పరిచాం. మూడో గడి నాలుగో గోతి వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి 412ను చివరగా, గాట్లు పైకి ఉండేలా పెట్టింది. పైన ఒక కొత్త రూపాయి నాణెం పెట్టాం. రేపెప్పుడైనా ఎవరైనా లైసెన్సుతో తవ్వితే, ఇవి ఒకసారి పైకి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లినవని వాళ్లకు తెలియాలి. తోట యజమాని మట్టి తోసి, మొక్క నిలబెట్టి, కాలితో చుట్టూ తొక్కాడు. పిల్లలు బోదెలోంచి నీళ్లు తెచ్చి పోశారు.